పెసరగింజంత జిగ్: మంచు మీదా, లొల్ల లాకుల దిగువనా వాడి చూశాక

పోయిన జనవరిలో మిన్నెసోటాలో మా పెద్దాడి దగ్గర ఉన్నప్పుడు కొన్న చిన్న పెట్టె ఇది. లోపల పది టంగ్‌స్టన్ జిగ్‌లు. జిగ్ అంటే గాలం మెడ దగ్గరే బరువు గుండు అతికి ఉంటుంది, విడిగా సీసం కట్టక్కర్లేదు. గుండు సైజులు 3, 4, 5 మిల్లీమీటర్లు, అంటే పెసరగింజ నుంచి కందిగింజ దాకా. ఒక్కోటి 4 డాలర్లు పడింది. మన లెక్కలో 300 రూపాయల పైమాటే. ఆ డబ్బుకి మన పేటలో గాలాలు గుప్పెడు వస్తాయి. అందుకే అంత పెట్టొచ్చో లేదో కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను కాలువల మీద లస్కరుగా, అంటే నీళ్లు వదలడం, కట్టడం చూసే పనిలో చేసి రిటైరయ్యాను. వెదురు కర్ర, నెమలి ఈక బెండు, ఎర్రలు, ఇదే నాకు తెలిసిన గాలం. గడ్డకట్టిన చెరువు మీద కూర్చుని చేపలు పట్టడం అక్కడికి వెళ్లాకే చూశాను. మావాడు నా పేర లైసెన్సు తీసుకున్నాడు. మనిషి నడవాలంటే కనీసం 4 అంగుళాల గట్టి మంచు ఉండాలంటారు అక్కడ. మేం వెళ్లిన రోజు 15 అంగుళాలు ఉంది. ఆగర్‌తో పళ్లెమంత గుంట తొలిచి, దాని పక్కన పీట వేసుకుని కూర్చున్నాం.

అక్కడ మేం పట్టబోయినవి బ్లూగిల్, క్రాపీ. ఈ రకం చేపలన్నిటినీ కలిపి పాన్‌ఫిష్ అంటారు, పెనంలో చేప మొత్తంగా పట్టేస్తుంది కాబట్టి. మనం పరిగెల్ని వేయించుకున్నట్టే. బ్లూగిల్ చూడటానికి మన తిలాపియాలా పలకగా ఉంటుంది, నోరు మాత్రం బాగా చిన్నది.

ఆ చిన్న నోటి సంగతి పట్టించుకోకుండా నేను ముందుగా 5 మిల్లీమీటర్లది, గులాబీ రంగుది కట్టాను. మెరుస్తోంది కదా, చేపకి కనిపిస్తుందనుకున్నాను. పైగా మన కాలువలో ఎరని ఆడించినట్టు కర్రని ఎత్తి ఎత్తి దించాను. గంట దాటినా ఒక్కటి ముట్టలేదు.

"నాన్నగారూ, అంత ఊపకండి. చెయ్యి వణికితే చాలు" అన్నాడు మావాడు. జిగ్ కూడా తనే మార్చి 3 మిల్లీమీటర్లది కట్టాడు.

కారణం చెప్పాడు. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. అందుకని ఆ నీరు అడుగుకి చేరుతుంది, మంచు పైన తేలుతుంది. అంత చలిలో చేప ఒంట్లో పనులన్నీ నెమ్మదిస్తాయి. తక్కువ తింటుంది, దేని వెంటా పరిగెత్తదు. ఎర దగ్గరికొచ్చి నిలబడి చూస్తుంది, తర్వాత నీటితో పాటు లోపలికి పీల్చుకుంటుంది, నచ్చకపోతే ఊసేస్తుంది. మన దగ్గర కూడా సంక్రాంతి ముందు చలిలో పొద్దెక్కితే గానీ పరిగెలు ఎర ముట్టవు. అది నాకు తెలుసు. తెలిసిన దాన్ని అక్కడ వాడుకోలేదు.

టంగ్‌స్టన్ విలువ అప్పుడు అర్థమైంది. అది దాదాపు బంగారమంత బరువైన లోహం. సీసం కన్నా ఒకటిన్నర రెట్లకి పైగా బరువు. గింజ చిన్నదే అయినా త్వరగా దిగుతుంది, సన్నని దారాన్ని బిగువుగా లాగి పెడుతుంది. దారం బిగువుగా ఉంటేనే ఆ పీల్పు చేతికి తెలుస్తుంది. అదే బరువు సీసంలో కావాలంటే గుండు పెద్దదవుతుంది, బ్లూగిల్ నోట్లో పట్టదు. అక్కడి చిన్న కర్ర కొసన సన్నని తీగ స్ప్రింగు ఉంటుంది, మన బెండు చేసే పని అది చేస్తుంది. అది వెంట్రుకవాసి కదలగానే నెమ్మదిగా లేపాను. అరచెయ్యంత బ్లూగిల్. తర్వాత చీకటి పడేలోగా మరో ఎనిమిది.

రంగు విషయంలో నాకు పెద్ద తేడా కనిపించలేదు, ఒక్క సాయంత్రం పూట తప్ప. పెట్టెలో రెండు జిగ్‌ల మీద చీకట్లో వెలిగే పూత ఉంది. టార్చి చూపిస్తే కాసేపు వెలుగుతుంది. మసక పడ్డాక క్రాపీలు వాటికే వచ్చాయి. క్రాపీ పైకి చూస్తూ తినే చేప, ఎర దాని తల కన్నా కాస్త పైన ఉండాలి. కిందికి పోతే చూడదు.

ఎర సంగతికి వస్తే, అక్కడ ఎక్కువగా రెండు పురుగులు వాడతారు. ఒకటి వ్యాక్స్‌వర్మ్, తేనెపట్టులో మైనం తినే చిమ్మట పిల్ల. తెల్లగా మెత్తగా ఉంటుంది, గుచ్చగానే రసం కారుతుంది. ఆ రసానికే చేప వస్తుంది. రసం పోయి తొక్క మిగిలితే వెంటనే మార్చాలి. రెండోది ఈగ పిల్ల పురుగు. చిన్నది, తోలు గట్టిది, ఒకే గాలానికి రెండు మూడు గుచ్చొచ్చు. పురుగులు గడ్డకట్టకుండా డబ్బా కోటు లోపలి జేబులో పెట్టుకున్నాం.

మార్చిలో పెట్టె పట్టుకుని ఇంటికొచ్చాను. మా గోదావరి కాలువ మీది లొల్ల లాకుల దిగువన కూర్చుంటే పక్కన గాలం వేస్తున్న కుర్రాడు చూసి, "బాబాయ్, ఆ గింజకి ఏం పడుద్దండీ!" అన్నాడు. ఆ రోజు అతని మాటే నిజమైంది. పారే నీళ్లలో 3 మిల్లీమీటర్లది అడుగుకి చేరనే లేదు, వాలుకి కొట్టుకుపోయింది. 5 మిల్లీమీటర్లది కడితే నిలబడింది, ఎర్రకి రెండు జెల్లలు పడ్డాయి. కానీ ఆ పనికి మన సీసమే చాలు, 300 దండగ.

వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేశాక కథ మారింది. మడుగుల్లో నీరు కదలదు, చేపలు గుంపుగా చేరతాయి, తెల్లారేసరికి నీరు అద్దంలా ఉంటుంది. అక్కడ 3, 4 మిల్లీమీటర్ల జిగ్‌లు అద్భుతంగా పనిచేశాయి. వ్యాక్స్‌వర్మ్ బదులు పెంటకుప్పలో దొరికే కొమ్ము పురుగు పిల్లల్లో బాగా చిన్నవి ఏరాను. వాటికన్నా బాగా పనికొచ్చింది మామిడి చెట్టు మీది ఎర్రచీమల గూట్లోని తెల్ల గుడ్లు. గుడ్లంటాం గానీ అవి చీమల పిల్ల పురుగులు. మెత్తన, కాబట్టి సన్నని గాలమే కావాలి, ఈ జిగ్‌కి ఉన్నది అదే. ఒక పొద్దున పద్నాలుగు పరిగెలు, నాలుగు తిలాపియాలు. మా ఆవిడ పరిగెలన్నీ పసుపు, కారం పట్టించి పెనం మీద వేయించింది.

లోపాలు కూడా చెప్పాలి. పదింటిలో నాలుగింటికి దారం కట్టే కన్నం రంగుతో మూసుకుపోయి ఉంది. సూదితో పొడిచి తీశాను. మంచు మీద మొద్దుబారిన వేళ్లతో అది నరకం, కాబట్టి ఇంట్లోనే చూసుకుని బయల్దేరండి. గాలం తీగ కూడా మరీ సన్నం. ఒక మట్టగిడిస తగులుకుని దాన్ని తిన్నగా సాపు చేసి వదిలిపోయింది. కొరమేను ఉన్న చోట వీటిని అసలు వేయకండి.

కొనేవాళ్లు పెద్ద సెట్టు జోలికి పోవద్దు. మంచు మీదకైతే 3, 4 మిల్లీమీటర్లవి, అందులో వెలిగే పూతవి రెండు. మన మడుగులకైతే 4 ఒక్కటే, రంగు ఏదైనా. మావాడు దసరాకి వస్తున్నాడు. 4 మిల్లీమీటర్లవి అరడజను, కన్నాలు చూసి మరీ తెమ్మన్నాను.