ఓల్డ్ బెయిలీ ఆన్‌లైన్: మటిల్డా క్లోవర్‌ను వెతుక్కుంటూ వెళ్లిన పాఠకురాలి సమీక్ష

పాలకొల్లులో మందుల దుకాణం నడుపుకునే నాకు లండన్ నగరపు పాత నేర విచారణలతో ఏం పని అని మా ఇంట్లోవాళ్లు అడిగారు. ముష్టి గింజే కారణం. ఆ గింజలోని స్ట్రిక్నిన్ అనే విషం గురించి పాఠం చెబుతూ మా ఫార్మసీ మాస్టారు, లాంబెత్ ప్రాంతంలో ఆడవాళ్లకు విషం పెట్టి చంపిన డాక్టరు క్రీమ్ పేరు ఒకసారి ప్రస్తావించారు. చనిపోయినవాళ్ల పేర్లు ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. అలా అడగకపోవడం ఇన్నేళ్లకు మనసులో ముల్లులా గుచ్చుకుని ఓల్డ్ బెయిలీ ఆన్‌లైన్ తెరిచాను.

ఓల్డ్ బెయిలీ అని పిలిచే లండన్ కేంద్ర నేర న్యాయస్థానంలో 1674 నుంచి 1913 వరకు జరిగిన 1,97,745 విచారణల ముద్రిత నివేదికలను ఈ సేవ ఉచితంగా చదవనిస్తుంది. పేరుతోనూ, మాటతోనూ, తేదీతోనూ వెతకవచ్చు. టైపు చేసిన పాఠంతో పాటు అసలు అచ్చుపుట బొమ్మ కూడా చూడవచ్చు కనుక, ఏదైనా మాట అనుమానంగా అనిపిస్తే పోల్చి చూసుకునే వీలుంది. కాలువగట్టు ఊళ్లలో సిగ్నల్ సరిగా అందని చోట కూడా నా ఫోనులో పుటలు బాగానే తెరుచుకున్నాయి.

క్లోవర్ అనే పేరు ఇచ్చి 1892 అక్టోబరు వరకు కాలాన్ని కుదిస్తే విచారణ దొరుకుతుంది. లాంబెత్‌లో థామస్ నీల్ అనే పేరుతో తిరిగిన క్రీమ్‌పై నలుగురి హత్యల ఆరోపణలున్నా, కోర్టు అతనికి శిక్ష వేసింది మటిల్డా క్లోవర్ హత్యకే. ఎలెన్ డాన్‌వర్త్, ఆలిస్ మార్ష్, ఎమ్మా ష్రివెల్ మిగిలిన ముగ్గురు. మటిల్డాకు ఇరవై ఏడేళ్లు, రెండేళ్ల కొడుకు. లాంబెత్ రోడ్డులోని 27వ నంబరు ఇంటి పైఅంతస్తులో రెండు గదుల్లో ఉండేది. తాగుడు అలవాటుకు వైద్యం చేయించుకుంటోంది. ఇంతమాత్రం ఏ నేరకథల సంకలనంలోనైనా దొరుకుతుంది.

ఇక్కడ వివరంగా దొరికేది ఆ ఇంట్లో పనిచేసిన లూసీ రోజ్ నోటి మాట. ఆ రోజుల నివేదకులు లాయరు ప్రశ్నలను చాలావరకు వదిలేసి, జవాబులనే ఒకదాని వెంట ఒకటి చేర్చి రాసేవారు. అందువల్ల సాక్ష్యం చదువుతుంటే ఎవరో అరుగు మీద కూర్చుని తాను చూసింది చూసినట్టు చెప్పుకుపోతున్నట్టు ఉంటుంది. ఫ్రెడ్ అని సంతకం చేసి వచ్చిన ఉత్తరం, 1891 అక్టోబరు 20 రాత్రి చిన్న కిరసనాయిలు దీపం వెలుగులో కనిపించిన ఎత్తు టోపీ మనిషి, వచ్చినవాడి కోసం బీరు తేవడానికి మటిల్డాయే బయటికి వెళ్లడం, అతన్ని గుమ్మం దాకా సాగనంపడం, తెల్లవారుజామున మూడింటికి వినిపించిన కేకలు, ఆ మనిషి ఇచ్చిన మాత్రలే తనను చంపుతున్నాయని ఆమె స్వయంగా చెప్పడం, ఇవన్నీ లూసీ చెప్పగా మనకు తెలిసినవే. ఒక్క పనిమనిషి గమనింపు వల్ల మటిల్డా మనకు హతురాలిగా కాకుండా అద్దె ఇంట్లో బిడ్డను సాకుతున్న మనిషిగా కనబడుతుంది.

విషమని ఆమె చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. ఆమెకు అంతకుముందు వైద్యం చేసిన డాక్టరు ఆ చివరి గంటల్లో చూడకుండానే, తాగుడు వల్ల వచ్చిన జబ్బే మరణ కారణమని ధ్రువపత్రం రాశాడు. కౌంటరు వెనుక నిలబడి ఇతరుల చీటీలను నమ్మి మందులిచ్చే నేను ఈ భాగాన్ని రెండుసార్లు చదివాను. తాగుబోతు అన్న పేరు ముందే పడిపోయింది కాబట్టి, స్ట్రిక్నిన్ తెచ్చే ఈడ్పులు కూడా ఆ పేరు కిందనే జమ అయ్యాయి. మన మూలికల కొట్లలో శుద్ధి చేసి అమ్మే ముష్టి గింజ చేదు ఎంతటిదో తెలిసినవారికి, క్రీమ్ పార్లమెంట్ వీధి మందుల దుకాణంలో ముష్టి సారంతో పాటు ఖాళీ జెలటిన్ క్యాప్సూల్స్ ఎందుకు కొన్నాడో ఇట్టే అర్థమవుతుంది. ఆ దుకాణం గుమాస్తా సాక్ష్యమూ ఇందులో ఉంది.

నిజం బయటికి రావడానికి దారితీసినవాటిలో హంతకుడి అహంకారం ఒకటి. మటిల్డాది సహజ మరణమని అందరూ అనుకుంటున్న నవంబరులోనే, ఆమెను స్ట్రిక్నిన్‌తో చంపింది మీరేనని ఆరోపిస్తూ డబ్బు గుంజడానికి అతడు లండన్‌లోని పేరున్న వైద్యుడు డాక్టర్ బ్రాడ్‌బెంట్‌కు ఉత్తరం రాశాడు. 1892 మేలో టూటింగ్ శ్మశానం నుంచి శవాన్ని వెలికితీయగా, రసాయన నిపుణుడు స్టీవెన్సన్ అందులో స్ట్రిక్నిన్ ఉందని తేల్చాడు. క్రీమ్ ఇచ్చిన మాత్రలు మింగినట్టు నటించి పారవేసి బతికిపోయిన లూయీసా హార్వే కూడా బోనెక్కి సాక్ష్యం చెప్పింది. అదే ఏడాది నవంబరు 15న క్రీమ్‌ను ఉరితీశారు.

ఈ సేవను వాడదలచినవారికి ఒక హెచ్చరిక. భాష విక్టోరియా కాలపు ఇంగ్లీషు. ఫోనులోని యాంత్రిక అనువాదాన్ని నమ్మవద్దు. అన్‌ఫార్చునేట్ అనే మాటను అది దురదృష్టవంతురాలు అని తెలుగు చేస్తుంది. ఆనాటి వాడుకలో అది వ్యభిచారంతో బతుకుతున్న స్త్రీకి వేసిన ముద్ర. అలాగే న్యాయవాదుల ప్రసంగాలు ఈ నివేదికల్లో ఎక్కువగా ఉండవు కాబట్టి, వాదోపవాదాల కోసం వెళ్లేవారికి ఆశాభంగం తప్పదు. 1888లో లండన్‌లో ఆడవాళ్లను చంపిన, ఎవరో తేలని హంతకుడు జాక్ ది రిప్పర్ కోసం వెతికితే ఆ హత్యల విచారణ కూడా కనిపించదు. ఆ కేసులో ఎవరినీ కోర్టు బోనెక్కించలేదు.

ఐదుకు నాలుగున్నర ఇస్తున్నాను. మా దుకాణంలో శిక్షణకు వచ్చే ఫార్మసీ పిల్లలకు ఈ విచారణను చదవమని చెబుతున్నాను. క్రీమ్ దగ్గర మొదలుపెట్టకుండా, ముందు లూసీ రోజ్ సాక్ష్యం తెరవమంటున్నాను.