సెన్సర్ తప్పును పట్టడానికి ఏది మేలు: హద్దులా, పొరుగు స్టేషన్లా?

2024 మే 29న ఢిల్లీలోని ముంగేశ్‌పూర్ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం 52.9 డిగ్రీలు చూపించింది. 2016లో రాజస్థాన్‌లోని ఫలోదీలో నమోదైన 51 డిగ్రీలే అప్పటిదాకా దేశంలో గరిష్ఠం. ఆ రోజు ఢిల్లీలోని మిగతా కేంద్రాల్లో ఎండ 45.2 నుంచి 49.1 మధ్యే ఉంది. వాతావరణ శాఖ ప్రామాణిక పరికరంతో పోల్చి చూసి, ఆ సెన్సర్ దాదాపు 3 డిగ్రీలు ఎక్కువ చూపుతోందని తేల్చింది.

ఇలాంటి తప్పులు పట్టడానికి ఎక్కువగా వాడేవి రెండు పద్ధతులు. హద్దులు పెట్టుకుని, అవి దాటిన అంకెను అనుమానించడం ఒకటి. చుట్టుపక్కల స్టేషన్లతో పోల్చడం రెండోది. నన్నడిగితే రెండోదే మేలు.

హద్దుల పద్ధతి సులువే, ఎక్సెల్‌లో ఒక్క ఫార్ములా చాలు. వైరు తెగినప్పుడు వచ్చే పిచ్చి అంకెలు వెంటనే దొరుకుతాయి. కానీ ముంగేశ్‌పూర్ సెన్సర్‌నే తీసుకోండి. 52.9 చూపింది కాబట్టి అందరి కళ్లూ దాని మీద పడ్డాయి. అదే 3 డిగ్రీల తేడాతో, 38 ఉన్న రోజున 41 చూపితే ఏ హద్దూ దాన్ని ఆపదు. రోజూ పక్క స్టేషన్లతో పోల్చి చూసేవాళ్లకు మాత్రం ఇదొక్కటే ఎప్పుడూ పైన ఉంటోందని కొద్ది రోజుల్లోనే తెలిసిపోతుంది.

హద్దులు నిజాన్ని కూడా అబద్ధమంటాయి. అదే నాకు ఎక్కువ భయం. 2023 జులై 27 ఉదయానికి 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతకుముందు ఎన్నడూ అంత నమోదు కాలేదు. పాత రికార్డును బట్టి గీసిన గీత అయితే ఈ అంకెను తోసేసేది. కానీ పక్కనే భూపాలపల్లి జిల్లా చిట్యాలలో అదే సమయానికి 616.5 మిల్లీమీటర్లు నమోదైంది. వాన కొలిచే గేజ్‌లు రెండూ ఒకే రాత్రి ఒకేలా పాడవుతాయా? ఆ వానకే మోరంచపల్లి ఊరు మునిగింది. అలాంటి రాత్రి సరైన అంకెను పక్కన పెడితే పోయేవి ప్రాణాలు.

వాన గేజ్‌లో మరీ మోసం చేసేది సున్నా. టిప్పింగ్ బకెట్ గేజ్‌లో గరాటు నుంచి నీళ్లు పడి, చిన్న బకెట్ నిండగానే ఒరుగుతుంది. అది ఎన్నిసార్లు ఒరిగితే అంత వాన. గరాటులో ఆకో, పిట్ట రెట్టో అడ్డుపడితే బకెట్ కదలదు, డేటాలో 0 వస్తుంది. సున్నా ఏ హద్దునూ దాటదు కదా! సగమే మూసుకుపోతే కుండపోత కూడా సన్నటి జల్లులా నమోదై, వాన వెలిశాక కూడా చాలాసేపు సాగుతుంది. పొరుగు గేజ్‌లన్నీ ఆగిపోయాక ఇదొక్కటే గ్రాఫ్‌లో అలా తోక సాగదీస్తుంటే, వెంటనే మనిషిని పంపి గరాటు శుభ్రం చేయించాలి.

అయితే పొరుగును గుడ్డిగా నమ్మకూడదు. వేసవి సాయంత్రం ఉరుముల వాన ఒక ఊళ్లో దంచికొట్టి పక్క ఊరిని తడపకుండా పోతుంది. కాబట్టి వానకు ఒక్కరోజు తేడా చూసి తీర్పు చెప్పొద్దు, సీజన్ మొత్తం చూడాలి. అరకు ఉష్ణోగ్రతను విశాఖతో పోల్చడంలో అర్థమే లేదు. ఇక గాలిలో ధూళిని కొలిచే చవక లేజర్ సెన్సర్లయితే, తేమ ఎక్కువైనప్పుడు ధూళికణాలు నీరు పట్టి ఉబ్బడంతో అన్నీ కలిసే ఎక్కువ చూపుతాయి. అప్పుడు పొరుగు సెన్సర్ కూడా అదే తప్పు చెబుతుంది. అక్కడ ప్రామాణిక పరికరాన్ని సెన్సర్ పక్కనే ఉంచి పోల్చి చూడడం తప్ప దారి లేదు.

ఏ పద్ధతి వాడినా అనుమానం వచ్చిన అంకెను చెరిపేయకండి, గుర్తు పెట్టి ఉంచండి. అంటార్కిటికా మీద ఓజోన్ బాగా తగ్గిపోయిందని 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు నేల మీది పరికరంతో కొలిచి ప్రకటించారు. నాసా ఉపగ్రహ డేటాలోనూ ఆ తక్కువ అంకెలు ఉన్నాయి. 180 యూనిట్లకన్నా తక్కువ వస్తే అనుమానించమని పెట్టిన హద్దు వాటిని పక్కకు నెట్టింది. అసలు డేటా భద్రంగా ఉండబట్టే దాని నుంచి ఓజోన్ రంధ్రం ఎంత మేర వ్యాపించిందో చూపగలిగారు.