అరెకా పామ్ సంచి: మొక్కకు ఎనిమిది, కుండీ మార్పుకి మూడు

విశాఖలో సీతమ్మధార నుంచి మధురవాడ దాకా ఏ నర్సరీ ముందు ఆగినా మొదటి వరసలో కనిపించేది అరెకా పామే. ఎక్కువభాగం గోదావరి ఒడ్డు నర్సరీల ఊరు కడియం నుంచి లారీల్లో దిగే సరుకు. నల్ల సంచిలో మూడు నాలుగడుగుల ఎత్తు, పసుపు కాడలు, గుబురైన మట్టలు. ఇంగ్లీషులో వక్కని అరెకా నట్ అంటారు కాబట్టి పేరు విని వక్కలు కాస్తుందనుకునేవాళ్లున్నారు. కాయదు. వక్క చెట్టు వేరు, ఇది మడగాస్కర్ నుంచి వచ్చిన జాతి. ఇంట్లో పెంచే పామ్‌లలో డబ్బుకి తగ్గ మొక్క ఇప్పటికీ ఇదే. పదికి ఎనిమిది ఇవ్వొచ్చు. గొడవంతా అది కూర్చున్న మట్టితోనే.

సంచి కోస్తే లోపల బంకమట్టి ముద్ద ఉంటుంది. లారీ కుదుపులకి వేళ్లు కదలకుండా పట్టి ఉంచడానికి అది బాగానే పనికొస్తుంది. కానీ ఆ ముద్దను అలాగే తీసి, చుట్టూ కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నింపి కుండీలో పెడితే పోసిన నీళ్లు గుల్ల మట్టిలోంచి జారి అడుగు రంధ్రంలోంచి బయటికి పోతాయి. పైన తడి, ముద్ద లోపల పొడి. వానాకాలంలో దీనికి తిరగేసి జరుగుతుంది: ముద్ద తడి పీల్చుకుని వారాల తరబడి ఆరదు, వేళ్లకు గాలి ఆడక కుళ్లు మొదలవుతుంది. మొక్క చచ్చిపోయాక నర్సరీవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "నీళ్లెక్కువ పోశారా?" అని. నిజానికి పోసిన నీళ్లు తక్కువే అయ్యుండొచ్చు.

నర్సరీలో కుండీ మార్చి ఇచ్చే సర్వీసుకి మూడు మార్కులు దాటవు. సంచి చింపి, ముద్దను దించి, పైన నాలుగు గులకరాళ్లు పరిచి ఇస్తారు. ఐదు నిమిషాల పని. ధర అడిగేటప్పుడు మొక్కకెంత, కుండీకెంత, మార్చినందుకెంత అని విడివిడిగా అడగండి. మొక్క ఒక్కటీ సంచితో తెచ్చుకుని మిగతాది ఇంట్లో చేసుకోవడమే నయం.

కొనేటప్పుడు ఎత్తు చూసి మోసపోకండి, మొదలు చూడండి. అది ఒక మొక్క కాదు, ఒకే సంచిలో పెంచిన పది పదిహేను మొలకల దుబ్బు. పెన్సిల్ కన్నా సన్నవి ఎక్కువుంటే కొన్ని నెలల్లో సగం ఎండిపోతాయి, గుబురు పలచబడుతుంది. కాడలు తక్కువున్నా లావుగా ఉన్న సంచి మేలు. తర్వాత మొవ్వు. నడుమ విప్పుకోని ఆకును రెండు వేళ్లతో మెల్లగా పైకి లాగండి. గట్టిగా ఉంటే సరే. ఊడి చేతికొచ్చి, కింది కొన మెత్తబడి కంపు కొడితే ఆ కాడ పని అయిపోయినట్టే. పామ్‌కి కాడకొక్కటే మొవ్వు, అది పోతే ఆ కాడ మళ్లీ చిగురించదు. పొడుగైందని పైన కత్తిరించకూడదనేదీ ఇందుకే.

ఆకు తిప్పి అడుగు చూడండి. తెల్లటి మైనం చుట్లు చుట్లుగా ఉంటే అది సర్పిలాకార తెల్లదోమ. మన దేశంలో 2016లో తమిళనాడు కొబ్బరి తోటల్లో బయటపడిన పురుగు. అరెకానీ వదలదు. ఇంట్లో చిన్న దుబ్బుకైతే పైపుతో ఆకు అడుగున గట్టిగా నీళ్లు కొట్టి, లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి వారానికోసారి మూడు సార్లు చల్లాలి, అదీ సాయంత్రం పూటే. ఆకు మీద నల్లటి మసి పట్టి ఉంటే పల్చటి గంజి చల్లి ఎండనివ్వండి, పెచ్చులుగా రాలిపోతుంది.

కుండీ 14 అంగుళాలది చాలు. మరీ పెద్దదైతే మట్టి ఆరదు. ఎర్రమట్టి రెండు పాళ్లు, కడిగిన కోకోపీట్ ఒకటి, మాగిన పశువుల ఎరువు ఒకటి, ముతక ఇసుక ఒకటి, గుప్పెడు వేపపిండి. కోకోపీట్‌లో ఉప్పుంటుంది, రెండు సార్లు నానబెట్టి పిండాలి. బీచ్ ఇసుక వద్దు. ఎర్రమట్టి భీమిలి దిబ్బలదని ఎవరైనా గొప్పగా చెబితే అసలు కొనకండి, అది కాపాడుకోవాల్సిన చోటు. ముద్దను బకెట్ నీళ్లలో గంటసేపు నానబెట్టి, బయటి అంగుళం మట్టిని మాత్రం పుల్లతో వదులు చేయండి. విడదీయాలని చూస్తే వేళ్లు తెగుతాయి. మొదలు సంచిలో ఏ మట్టానికి ఉందో కుండీలోనూ అక్కడే ఉండాలి. జూలై, సెప్టెంబరు మధ్య చేస్తే తేలిగ్గా నాటుకుంటుంది. మే నెలలో వద్దు. మార్చాక రెండు మూడు వారాలు ఆకు కొసలు ఎండితే కంగారు పడక్కర్లేదు.

నీళ్లకి రోజుల లెక్క కుదరదు. వేలు రెండు కణుపుల దాకా దించి చూసి, పొడిగా తగిలితేనే అడుగునుంచి కారేదాకా పోయాలి. కింద పళ్లెంలో నిలిచినవి పారబోయాలి, దోమలు కూడా పెరుగుతాయి. తీరం దగ్గర బోరు నీళ్లు ఉప్పుగా ఉంటే కొసలు గోధుమరంగుకి తిరుగుతాయి. అప్పుడు ఏసీ నుంచి కారే నీళ్లు వాడుకోవచ్చు. నెలకోసారి మంచినీళ్లు ధారాళంగా పోసి పేరుకున్న ఉప్పు కడగాలి. బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్లలో సముద్రానికి ఎదురు బాల్కనీకి మాత్రం ఇది సరిపడదు. ఉప్పుగాలికి కొబ్బరి తట్టుకున్నట్టు తట్టుకోలేదు. తప్పదంటే గాలికి మరుగున పెట్టి, తుపాను వెలిసిన రోజే ఆకులన్నీ మంచినీళ్లతో కడగండి. మేడ మీద కుండీలైతే తుపాను రాకముందే గోడ మూలకి చేర్చి పడుకోబెట్టడం మంచిది. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ చూసిన ఊరికి ఇది కొత్త కాదు.

గ్రీన్ నెట్ కింద పెరిగిన మొక్కను నేరుగా ఎండలో పెడితే ఆకు తెల్లబడి కాలిపోతుంది. రెండు వారాల్లో కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి.

ఆకుల్లో పసుపు రంగు చూడగానే డీఏపీ ఎరువు గుప్పెట్లో తీసి చల్లేస్తారు. దానికి ముందు ఏ ఆకు, ఎలా పసుపైందో చూడాలి. ముదురాకు మీద నారింజ చుక్కలు, వెలుతురుకెత్తితే వాటిలోంచి వెలుగు కనిపించేలా ఉంటే పొటాష్ లోపం: సల్ఫేట్ ఆఫ్ పొటాష్ లీటరుకి 2 గ్రాములు, నెలకోసారి. ముదురాకు అంచులు పసుపై నడుమ పచ్చగా ఉంటే మెగ్నీషియం: ఎప్సమ్ సాల్ట్ లీటరుకి 5 గ్రాములు. ఈ రెండింటిలోనూ ఆ ఆకులు కోసేయకండి, పూర్తిగా ఎండేదాకా మొక్క వాటిలోంచే సరుకు లాక్కుంటుంది. కొత్తాకే పాలిపోయి వస్తే ఎరువు ఆపి, అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి.

"ఆక్సిజన్ మొక్క, గదిలో గాలి శుద్ధవుతుంది" అని చెప్పి ధర పెంచితే నవ్వి ఊరుకోండి. ఒక్క దుబ్బుతో గదిలో గాలి మారదు. ఆకులకి నూనె రాసి మెరిపించినవైతే ఇంటికి తేగానే తడిబట్టతో తుడిచేయండి.