ఆందోళనకు ఆన్‌లైన్ థెరపీ: చాలాకాలం వాడాక నా సమీక్ష

ముందు తీర్పు చెప్పేస్తాను. రోజువారీ పనులు ఎలాగోలా నడుస్తూనే లోపల కంగారు, గుండె దడ, నిద్రపట్టకపోవడం వేధిస్తుంటే ఆన్‌లైన్ థెరపీ బాగానే పనిచేస్తుంది. యాప్ ఏదన్నది అంత ముఖ్యం కాదు. అవతల కూర్చున్న మనిషి శిక్షణ ఏమిటి, సెషన్‌కీ సెషన్‌కీ మధ్య వారంలో మనం ఏం చేస్తున్నాం, ఈ రెండే ఫలితాన్ని తేలుస్తాయి. మాట్లాడి బరువు దించుకుంటే చాలనుకుని చేరేవాళ్లు నెల తిరగకుండానే మానేయడం చాలా చూశాను.

యాప్‌లో అందరూ ‘నిపుణులు’ అనే ఒకే వరుసలో కనిపిస్తారు. నిజానికి తేడా చాలా ఉంది. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడిగి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. కౌన్సెలింగ్ సైకాలజిస్టులు సాధారణంగా ఎం.ఏ. లేదా ఎం.ఎస్సీ. చదివినవాళ్లు. వీళ్లలో చాలా మంచివాళ్లున్నారు గానీ, ఆందోళన కేసులు ఎన్నాళ్లుగా చూస్తున్నారో, పైన ఎవరైనా సీనియర్ పర్యవేక్షణ ఉందో అడగాలి. మందులు రాసేది సైకియాట్రిస్ట్, అంటే డాక్టరు. ‘లైఫ్ కోచ్’, ‘వెల్‌నెస్ ఎక్స్‌పర్ట్’ అని రాసుకున్నవాళ్లకు చికిత్స పేరుతో డబ్బు కట్టకండి.

డబ్బు కట్టేముందు రెండు ప్రశ్నలు అడగండి. ఆందోళనకు ఏ పద్ధతి వాడతారు? తగ్గుతోందని ఎలా కొలుస్తారు? మొదటిదానికి సీబీటీ (ఆలోచనల తీరును, అలవాట్లను మార్చుకోవడం నేర్పే థెరపీ) లాంటి ఒక పేరు, రెండోదానికి ఒక ప్రశ్నావళి పేరు వస్తే ముందుకెళ్లొచ్చు. ‘మాట్లాడుతూ ఉంటే అదే తెలుస్తుందిలెండి’ అంటే వేరేవాళ్లను చూసుకోవడమే మేలు. భాష విషయం కూడా అప్పుడే తేల్చుకోవాలి. ప్రొఫైల్‌లో తెలుగు అని ఉన్నా కొందరు అర్థం చేసుకోగలరు తప్ప మాట్లాడలేరు. కోపం, భయం, ఇంటి గొడవలు ఇంగ్లీషులో చెప్పబోతే సగం మింగేస్తాం.

థెరపీ మొదలుపెట్టేముందు ఒక రక్తపరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా దడ, చేతుల వణుకు, నిద్రలేమి వస్తాయి. థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ చూస్తే ఆ అనుమానం తీరుతుంది. రక్తహీనత ఉన్నా దడ ఉంటుంది. రోజుకు నాలుగైదు కాఫీలు తాగేవాళ్లు ఆ సంగతి థెరపిస్టుకు చెప్పాలి, వాళ్లు అడగకపోయినా సరే.

మొదటి సెషన్‌లో ఊరట ఆశించకండి. అది పూర్తిగా వివరాల సేకరణ: ఎప్పటినుంచి, నిద్ర ఎంత, ఇంట్లో ఎవరికైనా ఉందా, మందులేవైనా వాడుతున్నారా, చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా. చివరి ప్రశ్నకు కంగారుపడనక్కర్లేదు, అందరినీ అడుగుతారు. ఇప్పుడు ఎక్కడున్నారో, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాసుకుంటారు. ఇవి అడగకపోతేనే అనుమానించాలి. ఆందోళన ఎంతుందో కొలిచే జీఏడీ-7 అనే చిన్న ప్రశ్నావళి ఇస్తారు. గడచిన రెండు వారాల గురించి 7 ప్రశ్నలు, మొత్తం 21 మార్కులు. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి తీవ్రం. ఆ అంకె రాసిపెట్టుకోండి. అయిదారు సెషన్ల తర్వాత మళ్లీ నింపితే కనీసం నాలుగైదు మార్కులైనా తగ్గాలి. తగ్గకపోతే మొహమాటపడకుండా పద్ధతి మార్చమనో, మనిషిని మారుస్తామనో చెప్పాలి.

అసలు పని హోంవర్క్‌లో ఉంటుంది. సీబీటీలో ఒక పట్టిక రాయిస్తారు. ఉదాహరణకు: శుక్రవారం సాయంత్రం మేనేజరు ‘సోమవారం మాట్లాడాలి’ అని మెసేజ్ పెట్టాడు. మొదటి గడిలో అది. రెండో గడిలో తలలో వెంటనే మెదిలింది: ‘ఉద్యోగం తీసేస్తారు’. మూడో గడిలో ఆ మాట మీద నమ్మకం, నూటికి 85. తర్వాత దానికి ఆధారాలు, వ్యతిరేక ఆధారాలు. పోయిన నెలలో ఇలాంటి మెసేజ్‌లు మూడు వచ్చాయి, మూడూ కొత్త పని గురించే. చివర మళ్లీ నమ్మకం, నూటికి 40. సున్నా రావాలని ఎవరూ అనరు. ఈ పట్టికను ఆదివారం రాత్రి కూర్చుని వారమంతటికీ ఒకేసారి నింపితే దండగ. అప్పటికి మెదిలిన మాట మర్చిపోయి ఉంటాం. అనిపించిన అరగంటలోపు ఫోన్‌లోనైనా రాయాలి.

శ్వాస వ్యాయామం గురించి ఒక్క మాట. నెమ్మదిగా గాలి వదలడం శరీరాన్ని స్థిమితపరుస్తుంది, నిజమే. కానీ పానిక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రమైన భయం) వచ్చేవాళ్లు దడ మొదలైన ప్రతిసారీ దాని వెనక దాక్కుంటే, ‘ఇది చేయకపోతే ఏదో అయిపోయేది’ అనే భయం అలాగే మిగిలిపోతుంది. అందుకే బాగా శిక్షణ పొందినవాళ్లు కావాలనే మెట్లెక్కించి, గుండె వేగం పెంచి, దాన్ని అలా ఉండనివ్వడం నేర్పిస్తారు. కష్టమే. నా దృష్టిలో డబ్బుకు తగిన విలువ దొరికేది ఇక్కడే.

ఇక చిక్కులు. మన ఇళ్లలో అతిపెద్ద సమస్య గది. తలుపేసుకుంటే ‘ఎవరితో మాట్లాడుతున్నావ్?’ అని పిలుపు వస్తుంది. పార్క్ చేసిన కారు మంచి ప్రత్యామ్నాయం. ఇయర్‌ఫోన్లు తప్పనిసరి, ఫోన్ చేతిలో పట్టుకోకుండా ఆనించి పెట్టాలి. చాట్ ద్వారా మాత్రమే సాగే ప్లాన్లు నేను సిఫారసు చేయను. రెండు రోజులకో జవాబుతో ఆందోళన మీద పట్టు దొరకదు. పది సెషన్ల ప్యాకేజీ మొదటిరోజే కొనొద్దు. మధ్యలో థెరపిస్ట్ ఆ యాప్ వదిలి వెళ్లిపోతే కథ మొదటినుంచి చెప్పుకోవాలి, డబ్బు వాపసు రావడం కష్టం. నేను చూసినంతలో సెషన్‌కు 800 నుంచి 2,500 రూపాయల దాకా ఉంది. ఐటీ ఉద్యోగులు కంపెనీ ఇచ్చే ఉచిత సెషన్లు ఏమైనా ఉన్నాయేమో ముందు చూసుకోవాలి, పేర్లు హెచ్‌ఆర్‌కు వెళ్లవని మెయిల్‌లో రాయించుకోవాలి.

గోప్యతను తేలిగ్గా తీసుకోకండి. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాల గోప్యతను హక్కుగా ఇచ్చింది. అయినా యాప్ అడిగే కాంటాక్టుల అనుమతి ఇవ్వనక్కర్లేదు. వినియోగదారుల ఆరోగ్య సమాచారాన్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్ లాంటి సంస్థలకు ఇచ్చిందన్న ఆరోపణపై బెటర్‌హెల్ప్ అనే ఆన్‌లైన్ థెరపీ సంస్థ 78 లక్షల డాలర్లు చెల్లించాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో ఆదేశించింది. అమెరికాలో ఉండే మనవాళ్లకు ఇంకో సంగతి: మీరు కూర్చున్న రాష్ట్రంలో పనిచేసే అనుమతి థెరపిస్టుకు ఉండాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లతో ఐఎస్‌డీ సెషన్లు అనుకున్నంత సులువు కాదు.

ఆత్మహత్య ఆలోచనలు, లేనివి వినిపించడం, మద్యం మానేయగానే వణుకు, ఇంట్లో కొట్టేవాళ్ల మధ్య బతకడం, వీటిలో ఏది ఉన్నా వారానికోసారి వీడియో కాల్ సరిపోదు. నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. ఎవరితోనైనా వెంటనే మాట్లాడాలంటే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ-మానస్ అది. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. డబ్బు లేక థెరపీ వాయిదా వేసేవాళ్లు కూడా ఇక్కడినుంచే మొదలుపెట్టొచ్చు.

సీబీటీ సాధారణంగా 12 నుంచి 16 సెషన్లు. అంకె తగ్గి నిలబడ్డాక పదిహేను రోజులకోసారి, తర్వాత నెలకోసారి చేసి ఆపుతారు. అకౌంట్ మూసేలోపు పట్టికలు, జీఏడీ-7 అంకెలు, రసీదులు ఫోన్‌లోకి దించుకోండి. సబ్‌స్క్రిప్షన్ ఆగాక కొన్ని యాప్‌లు పాత రికార్డు చూడనివ్వవు.