సిటిజన్స్ ట్రస్ట్ బ్యాంకులో ఆరేళ్లు

అట్లాంటాకు ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో ఉంటాం. ఇప్పుడు వీధికి నాలుగు తెలుగు ఇళ్లున్న చోటు ఇది. 1912లో ఇక్కడి నల్లజాతివారిని, దాదాపు వెయ్యిమందిని, బెదిరించి తరిమేశారు. చాలామందికి భూములు దక్కలేదు. ఇల్లు కొన్నాక ఈ సంగతి తెలిసింది. కొన్నాళ్లు సరిగా నిద్ర పట్టలేదు. ఆ తర్వాతే పొదుపులో కొంత సిటిజన్స్ ట్రస్ట్‌లో వేశాం.

నల్లజాతివారు తమ కోసం 1921లో పెట్టుకున్న బ్యాంకు ఇది. దీనికి ముందు ఒక చేదు కథ ఉంది. 1865లో, బానిసత్వం నుంచి బయటపడినవాళ్ల కోసం ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు వచ్చింది. 1874లో మూతపడింది. 61,000 మంది డబ్బు అందులో ఇరుక్కుపోయింది. కూలి డబ్బు, రూపాయి రూపాయి దాచుకున్న డబ్బు! అంత దెబ్బ తిన్నాక కూడా మళ్లీ తమ బ్యాంకు తామే కట్టుకున్నారంటే నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. వేరే బ్యాంకులు ఇంటి అప్పు ఇవ్వని రోజుల్లో ఇలాంటి బ్యాంకులే నల్లజాతి కుటుంబాలకు దిక్కయ్యాయి. మనం వేసిన డిపాజిట్టే ఒకరికి ఇంటి అప్పు, ఇంకొకరికి కొట్టు పెట్టుబడి అవుతుంది.

ఒక సోమవారం లైన్లో నా ముందు ఒక పెద్దావిడ ఉన్నారు. చేతిలో చర్చి చందాల సంచి. నలిగిన ఒక్క డాలరు నోట్లను కౌంటరు మీద అరచేత్తో సాపు చేస్తూ కట్టలు పెడుతున్నారు. కౌంటరులో అమ్మాయి తొందర పెట్టకుండా, మోకాలి నొప్పి ఎలా ఉందని అడుగుతోంది. మా అమ్మ వచ్చినప్పుడు తీసుకెళ్తే, "మన సొసైటీ బ్యాంకులా ఉందే" అంది.

డబ్బు భద్రత గురించి టెన్షన్ అక్కర్లేదు. ఎఫ్‌డీఐసీ (అమెరికా ప్రభుత్వ డిపాజిట్ బీమా సంస్థ) బీమా ఒక్కొక్కరికి 2,50,000 డాలర్ల వరకూ ఉంది. మా వైపు బ్రాంచి లేదు కాబట్టి పనుంటే సిటీ దాకా వెళ్లాలి. ఎక్కువ వడ్డీయే కావాలంటే ఆన్‌లైన్ బ్యాంకులు చూసుకోండి. ఇండియాకు డబ్బు మేమూ వేరేచోటి నుంచే పంపుతాం.

జూన్ 19న బ్యాంకు సెలవు. 1865లో అదే రోజున టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో బానిసల విముక్తి ఉత్తర్వు చదివారు. మొన్న జూన్‌లో ఆ సెలవు అయిన మర్నాడే వెళ్లి, గడువు తీరిన మా డిపాజిట్‌ను ఇంకో రెండేళ్లకు పొడిగించి వచ్చాం.