జాగ్రత్త: టిక్‌లను తరిమేస్తుందన్న అల్ట్రాసోనిక్ ట్యాగ్ కొన్నాను, లైమ్ వచ్చింది

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, న్యూయార్క్, కనెక్టికట్ వైపు ఉంటున్న మనవాళ్ళ కోసం రాస్తున్నాను. ఎండలు మొదలయ్యాయంటే ఆన్‌లైన్‌లో ఒక వస్తువు పదేపదే కనిపిస్తుంది. బొటనవేలంత నీలం రంగు ప్లాస్టిక్ ట్యాగ్. షూ లేసుకో, బెల్టుకో, పిల్లల బ్యాగుకో తగిలిస్తే చాలు, మన చెవికి వినపడని శబ్దంతో టిక్‌లను దగ్గరికి రానివ్వదంటారు. కెమికల్స్ లేవు, పిల్లలకు సేఫ్, బ్యాటరీ ఏడాది వస్తుంది అని పెద్ద అక్షరాలతో రాస్తారు. కిందటేడు మే నెలలో 42 డాలర్లు పెట్టి రెండు కొన్నాను. జూన్‌లో నాకు టిక్ కుడితే అంటుకునే లైమ్ వ్యాధి వచ్చింది. దయచేసి అది కొనకండి. ఇప్పటికే కొని ఉంటే దాన్ని నమ్ముకుని గడ్డిలోకి, అడవిలోకి వెళ్ళకండి.

కొత్తగా వచ్చినవాళ్ళకు ఒక మాట. టిక్ అంటే మన ఊళ్ళో గేదెలకీ కుక్కలకీ పట్టే పిడుదు లాంటిదే, కొన్ని వైపుల గోమారి అంటారు. అయితే మనం ఊళ్ళో చూసే పిడుదు రక్తం తాగి ఉబ్బి, దూరం నుంచే కనిపిస్తుంది. ఇక్కడ లైమ్ అంటించే బ్లాక్‌లెగ్డ్ టిక్ (డీర్ టిక్ అని కూడా అంటారు) పెద్దదైతే నువ్వుగింజంత ఉంటుంది, పిల్లదైతే గసగసాల గింజంత. మే నుంచి జులై దాకా మనుషుల్ని ఎక్కువగా పట్టుకునేవి ఈ గసగసాల గింజలే. కుట్టినప్పుడు నొప్పి ఉండదు, దురద ఉండదు. అమెరికాలో ఏటా సుమారు 4,76,000 మంది లైమ్‌కు చికిత్స తీసుకుంటున్నారని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అంచనా. నాకు రాదులే అనుకునే జబ్బు కాదు.

మాకు హైకింగ్ అలవాటు. నేనూ మా ఆయనా మా తొమ్మిదేళ్ళ బాబూ వేసవిలో రెండు వారాలకొకసారైనా ఏదో ఒక ట్రెయిల్‌కు వెళ్తాం. అంతకుముందు వరకూ ప్యాంటు సాక్సులో దోపుకుని, స్ప్రే కొట్టుకుని, ఇంటికి రాగానే ఒళ్ళంతా చూసుకునేవాళ్ళం. ట్యాగ్ వచ్చాక అవన్నీ మానేశాం. అసలు నష్టం 42 డాలర్లు కాదు, ఇదే. మే చివర్లో డెలావేర్ వాటర్ గ్యాప్ వెళ్ళినప్పుడు నేను మోకాళ్ళ దాకా ఉన్న ప్యాంటు వేసుకున్నాను. స్ప్రే డబ్బా కారులోనే ఉంది, తియ్యలేదు. తిరిగొచ్చాక బాగా అలసిపోయి అలాగే సోఫాలో నిద్రపోయాను. నన్ను కుట్టిన టిక్‌ను నేను ఈరోజు వరకూ చూడలేదు.

పది రోజుల తర్వాత, ఊరి నుంచి వచ్చిన మా అమ్మ వంటింట్లో వెనక నిలబడి "ఏమే, మోకాలి వెనక ఆ మచ్చేంటి?" అంది. అద్దం పెట్టి చూసుకుంటే రూపాయి బిళ్ళంత గుండ్రటి మచ్చ. అమ్మ చూసి తామర అంది. నాకూ అలాగే అనిపించింది. ఇంట్లో ఉన్న తామర క్రీమ్ అయిదు రోజులు రాశాను. తామరైతే దురద పెట్టాలి, అంచు పొలుసులుగా ఉండాలి. దీనికి రెండూ లేవు. రోజురోజుకీ పెరిగి అరచేయి దాటింది. ఇంటర్నెట్‌లో లైమ్ మచ్చ అని వెతికితే తెల్లటి ఒంటి మీద విలువిద్య గురిపలకలా ఎర్రటి వలయాలు కనిపిస్తాయి. మన చామనఛాయ ఒంటి మీద చాలాసార్లు అలా కనిపించదు. నాది కమిలిపోయినట్టు కాస్త ముదురు రంగులో ఉంది, మధ్యలో వలయం కూడా లేదు. దీన్ని మనవాళ్ళు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. కుట్టిన 3 నుంచి 30 రోజుల్లోపు, దురద లేకుండా పెరుగుతూ పోయే మచ్చ ఏదైనా డాక్టరుకు చూపించండి. పైగా అందరికీ మచ్చ రాదు. వచ్చేది నూటికి 70, 80 మందికే.

దగ్గర్లోని అర్జెంట్ కేర్‌కు వెళ్తే సాలీడు కుట్టి ఉంటుందని అలర్జీ మాత్రలిచ్చారు. మూడో రోజుకు జ్వరం, ఒళ్ళు నొప్పులు, మెడ పట్టేసింది. ఆ రాత్రి పడిన టెన్షన్ మాటల్లో చెప్పలేను. మా ఫ్యామిలీ డాక్టర్ మచ్చ చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, "ఈ మధ్య అడవికి గానీ పొడుగాటి గడ్డిలోకి గానీ వెళ్ళారా?" అని. రక్తపరీక్ష రిజల్ట్ కోసం ఆగలేదు. మొదటి వారాల్లో ఒంట్లో యాంటీబాడీలు ఇంకా తయారై ఉండవు కాబట్టి పరీక్ష నెగెటివ్ రావచ్చని, మచ్చ చూస్తే చాలని చెప్పి 14 రోజులు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. రెండు రోజుల్లో జ్వరం తగ్గింది. నీరసం మాత్రం ఆగస్టు దాకా వదల్లేదు. పట్టించుకోకుండా వదిలేసినవాళ్ళకు మోకాళ్ళు వాచిపోవడం, ముఖం ఒక పక్క జారిపోవడం, గుండె కొట్టుకోవడంలో తేడా రావడం దాకా పోతుంది. అసలు ఈ జబ్బు బయటపడిందే అలా. 1970లలో కనెక్టికట్‌లోని లైమ్ అనే ఊరి చుట్టుపక్కల పిల్లలకు వరసగా మోకాళ్ళు వాస్తుంటే, ఇదేదో మామూలు కీళ్ళవాతం కాదని అక్కడి తల్లులు పట్టుబట్టారు. కారణమైన బ్యాక్టీరియాను విలీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన సంగతి 1982లో వెలువడింది, అందుకే దాని పేరులో ఆయన పేరు ఉంది.

ఇక ఆ ట్యాగ్ సంగతి. కోలుకున్నాక మా ఆయన స్క్రూడ్రైవర్‌తో విప్పి చూశారు. లోపల చిన్న బటన్ సెల్, ఒక లైటు, గోరంత రేకు బిళ్ళ అంటించిన సర్క్యూట్ ముక్క. లైటు వెలుగుతుంది కాబట్టి పనిచేస్తోందని మనం అనుకుంటాం. శబ్దం ఎలాగూ వినపడదు, వస్తోందో లేదో కొన్నవాళ్ళకు తెలిసే దారే లేదు. అసలు టిక్ వేట ఎలా ఉంటుందో తెలిస్తే ఈ ట్యాగ్ మీద అంత నమ్మకం పెట్టుకోం. అది ఎగరదు, దూకదు, చెట్టు మీంచి రాలదు. గడ్డి కొసకు ఎక్కి వెనక కాళ్ళతో పట్టుకుని, ముందు కాళ్ళు చాపి ఎదురుచూస్తుంది. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను, ఒంటి వేడిని ఆ ముందు కాళ్ళతోనే పసిగడుతుంది. మన కాలు తగిలిన క్షణంలో అంటుకుంటుంది. ఇలా అల్ట్రాసోనిక్‌తో పురుగుల్ని తరుముతామని చెప్పుకుంటున్న 60కి పైగా తయారీదారులకు, అమ్మకందార్లకు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే హెచ్చరిక లేఖలు పంపింది. మీ మాటలకు శాస్త్రీయ రుజువు ఉండాలని చెప్పింది. కొనేముందు నాకు ఈ సంగతి తెలిసుంటే ఆ ట్యాగ్ మా ఇంటికి వచ్చేదే కాదు.

మరి ఎందుకు నమ్మానంటే, పెట్టె వెనక 'ఈపీఏ' అని ఒక నంబర్ ఉంది. పర్యావరణ సంస్థ చూసి ఓకే అన్నదనుకున్నాను. ఇక్కడే చాలామంది మోసపోతారు, కాబట్టి నిదానంగా చదవండి. ఈపీఏ పేరుతో లేబుల్ మీద రెండు రకాల నంబర్లు ఉంటాయి. ఒకటి 'ఈపీఏ రెగ్. నెం.' అని ఉంటుంది. అది ఆ మందు రిజిస్ట్రేషన్ నంబర్. కంపెనీ పెట్టిన పరీక్షల వివరాలు ఈపీఏ చూసిన తర్వాతే ఇస్తుంది. సాధారణంగా అందులో అంకెలే ఉంటాయి, మధ్యలో గీత. రెండోది 'ఈపీఏ ఎస్ట్. నెం.'. అది కేవలం ఫ్యాక్టరీ నంబర్, ఫలానా చోట తయారైందని తప్ప ఇంకేమీ చెప్పదు. అందులో అంకెల మధ్య రాష్ట్రం పేరో దేశం పేరో సూచించే అక్షరాలుంటాయి. చైనాలో తయారైతే సీ, హెచ్, ఎన్ అని మూడక్షరాలు. ఇలాంటి పరికరాలకు ఈపీఏ రిజిస్ట్రేషనే ఉండదు, ఫ్యాక్టరీ నంబర్ ఒక్కటే ఉంటుంది. నా పెట్టె మీద ఉన్నది అదే. మంచి స్ప్రే డబ్బా మీద రెండు నంబర్లూ ఉంటాయి. మీరు వెతకాల్సింది 'రెగ్.' అన్నదాన్ని.

అమ్మినవాళ్ళకు మెయిల్ పెడితే రిటర్న్ గడువు 30 రోజులు దాటిందన్నారు. ఒక్క స్టార్ ఇచ్చి ఫొటోతో సహా రివ్యూ రాశాను. మర్నాడే డబ్బు మొత్తం తిరిగిస్తాం, పైన 20 డాలర్ల గిఫ్ట్ కార్డ్ ఇస్తాం, రివ్యూ తీసెయ్యండి అని మెసేజ్. తియ్యలేదు. రెండు వారాల తర్వాత చూస్తే ఆ పేజీయే లేదు. నా రివ్యూతో సహా పోయింది. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టాను. మీరు కూడా మోసపోయి ఉంటే పది నిమిషాలు తీసుకుని పెట్టండి.

ఇప్పుడు మేం ఏం కొంటున్నామో చెప్తాను, ఏ కంపెనీ అన్నది మీ ఇష్టం. ఒంటికి, టిక్‌లను దగ్గరికి రానివ్వని పికారిడిన్ అనే మందు 20 శాతం ఉన్న స్ప్రే. డీట్ అనే ఇంకో మందు కూడా బాగా పనిచేస్తుంది, కానీ వాచీ పట్టీలు, కళ్ళజోడు ఫ్రేములు, కెమెరా గ్రిప్ లాంటి ప్లాస్టిక్ పాడవుతుంది, ఫొటోలు తీసేవాళ్ళు చూసుకోండి. సన్‌స్క్రీన్ ముందు, స్ప్రే తర్వాత. బట్టలకూ షూలకూ పర్మెత్రిన్ అనే పురుగుల మందు, 0.5 శాతం ఉన్నది. అది ఒంటికి రాయకూడదు. బట్టలు బయట ఆరేసి కొట్టి, పూర్తిగా ఆరాకే వేసుకోవాలి. ఇంట్లో పిల్లి ఉంటే చాలా జాగ్రత్త, తడి పర్మెత్రిన్ పిల్లుల ప్రాణం తీస్తుంది. చౌకగా వస్తుందని పశువులకు వాడే గాఢమైన మందు తెచ్చి నీళ్ళు కలిపి బట్టల మీద కొట్టేవాళ్ళున్నారు, ఆ పని చెయ్యకండి. ముందే మందు పట్టించిన సాక్సులు, ప్యాంట్లు కూడా దొరుకుతాయి, వాటి ట్యాగ్ మీదా రెగ్. నంబర్ ఉండాల్సిందే.

'నేచురల్' స్ప్రేల గురించి చాలామంది అడుగుతారు. నిమ్మగడ్డి, లవంగం, పుదీనా, సెడార్ నూనెలతో చేసినవి చాలావరకు రిజిస్ట్రేషన్ అవసరం లేని కోవలో అమ్ముతారు. అంటే అవి టిక్‌లను ఆపుతాయో లేదో ఈపీఏ చూడలేదన్నమాట. ఒక్క ఆయిల్ ఆఫ్ లెమన్ యూకలిప్టస్ వేరు, రిజిస్టర్ అయినవి దొరుకుతాయి. మూడేళ్ళలోపు పిల్లలకు మాత్రం వాడకూడదు.

ఇది హైకింగ్ వాళ్ళకే అనుకోకండి. మా ఆయన వాళ్ళ వీకెండ్ క్రికెట్‌లో బంతి బౌండరీ దాటి పొదల్లోకి పోతే నలుగురు షార్ట్స్‌లోనే దూరి వెతుకుతారు. టిక్‌లు ఉండేది సరిగ్గా అక్కడే, మైదానం అయిపోయి అడవి మొదలయ్యే అంచున. ఇప్పుడు వాళ్ళ జట్టులో ప్యాంటు వేసుకున్నవాళ్ళే బంతికి వెళ్తున్నారు. పెరట్లో గోంగూర, బీర, సొర పెంచేవాళ్ళూ అంతే. కంచె అవతల చెట్లుంటే, రాలిన ఆకుల కింద టిక్‌లుంటాయి. మడికీ చెట్లకూ మధ్య మూడడుగుల వెడల్పున చెక్కపొట్టు గానీ కంకర గానీ పరిచి ఖాళీ వదలండి.

ఇంటికి రాగానే బట్టలు విప్పి నేరుగా డ్రయ్యర్‌లో హై హీట్ మీద పది నిమిషాలు తిప్పండి. ముందు ఉతికితే చావవు, చల్లనీళ్ళలో బతికేస్తాయి. రెండు గంటల్లోపు స్నానం. చంకలు, బొడ్డు, నడుం పట్టీ దగ్గర, మోకాళ్ళ వెనక, చెవుల వెనక, జుట్టులో వేళ్ళతో తడిమి చూసుకోవాలి. జులైలో ఒక సాయంత్రం అమ్మ మా బాబు తలకు నూనె రాస్తూ చెవి వెనక ఆగిపోయింది. "ఈ పుట్టుమచ్చ నిన్న లేదే" అంది. ఫోన్ లైటు వేసి చూస్తే మచ్చకు కాళ్ళున్నాయి. అమ్మ కిరసనాయిలు చుక్క వేద్దామంది, చిన్నప్పుడు దూడలకు అలాగే చేసేవాళ్ళట. వద్దని ఆపాను. నూనె, వాజెలిన్, అగ్గిపుల్ల ఏదీ పెట్టకూడదు. సన్నమొన ట్వీజర్‌తో చర్మానికి ఆనించి, తల దగ్గర పట్టుకుని, మెలిపెట్టకుండా నిదానంగా పైకి లాగాను. చర్మం గుడారంలా కాస్త లేచి, అది ఊడొచ్చింది. అప్పటికింకా చదునుగానే ఉంది, రక్తం తాగి ఉబ్బలేదు. ఆ చోటు ఆల్కహాల్‌తో తుడిచి, టిక్‌ను టేపుకు అంటించి తేదీ రాసిపెట్టాం.

లైమ్ బ్యాక్టీరియా ఎక్కడానికి మామూలుగా 24 గంటలకు పైగా టిక్ అంటుకుని ఉండాలి. అందుకే అదే రోజు తీసేస్తే చాలావరకు గండం గడిచినట్టే. ఉబ్బిన టిక్ దొరికితే తీసిన 72 గంటల్లోపు డాక్టర్‌తో మాట్లాడండి, అవసరమనుకుంటే ఒకే ఒక్క డోసు డాక్సీసైక్లిన్ ఇస్తారు. టిక్‌ను పరీక్షకు పంపమని అమ్మే కిట్ల మీద డబ్బు పోయకండి. రిజల్ట్ వచ్చేదాకా ఆగితే ఆ 72 గంటలు దాటిపోతాయి. మనుషులకు వేసే వ్యాక్సిన్ ప్రస్తుతం మార్కెట్లో లేదు, గతంలో ఉన్నదాన్ని 2002లో ఆపేశారు.

మొన్న ఆదివారం అదే ట్యాగ్ ఆకుపచ్చ రంగులో, ఇంకో పేరుతో మళ్ళీ అమ్మకానికి వచ్చింది. ఈసారి 29 డాలర్లు. ఫొటోల్లో నాలుగోది పెద్దది చేసి చూడండి, పెట్టె వెనక అంకెల మధ్య ఆ మూడక్షరాలు కనిపిస్తాయి.