స్విచ్ మీద ఎఫ్‌ఆర్‌ఆర్: టైమర్ల వరకు నా రివ్యూ

మా ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపస్ నెట్‌వర్క్ నేనే చూస్తాను. మెయిన్ బ్లాక్‌లో ఒకటి, హాస్టల్ బ్లాక్‌లో ఒకటి లినక్స్‌తో నడిచే లేయర్ 3 స్విచ్‌లు (రూటింగ్ కూడా చేసేవి) ఉన్నాయి. వాటి మీద ప్యాకెట్లు ఏ దారిన వెళ్లాలో తేల్చే రూటింగ్ సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఆర్‌ఆర్ నడుస్తోంది. క్వాగా అనే పాత రూటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి 2017లో లినక్స్ ఫౌండేషన్ గొడుగు కిందికి వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. దీని ఫీచర్లన్నీ ఏకరువు పెట్టను. మాకు అసలు పని పడింది టైమర్లతోనే కాబట్టి ఆ సంగతే రాస్తున్నాను.

బ్లాకుల మధ్య ఫైబర్ దారిలో మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ని రాగి తీగకు కలిపే పెట్టెలు) ఉన్నాయి. మధ్యలో ఫైబర్ తెగినా స్విచ్ పోర్టు లైటు వెలుగుతూనే ఉంటుంది. పోర్టు పడిపోతే ఓఎస్‌పీఎఫ్‌కి (నెట్‌వర్క్ లోపలి దారులు ఎంచే ప్రోటోకాల్‌కి) వెంటనే తెలిసిపోయేది. పడలేదు కాబట్టి డెడ్ టైమర్ అయిపోయేదాకా ఆగాల్సిందే. డిఫాల్టుగా హలో (నేనున్నానని పక్క స్విచ్‌కి పంపే సందేశం) 10 సెకన్లకొకటి, డెడ్ (హలోలు రాకపోతే పక్క స్విచ్ పోయిందని తేల్చే గడువు) 40 సెకన్లు. పక్కన రెండో దారి సిద్ధంగా ఉన్నా ఆ 40 సెకన్లూ ప్యాకెట్లు గోతిలో పడుతూనే ఉంటాయి. ల్యాబ్‌లో ఆన్‌లైన్ పరీక్ష నడుస్తుంటే అది చాలా పెద్ద సమయం.

మార్చడం తేలికే. వీటీవై షెల్‌లో (ఎఫ్‌ఆర్‌ఆర్ కమాండ్లు కొట్టే చోట) ఇంటర్‌ఫేస్ కింద హలోకి ఒక లైను, డెడ్‌కి ఒక లైను రాస్తే చాలు. సిస్కో చేతికి అలవాటైనవాళ్లు తడుముకోనక్కర్లేదు. రెండు చివర్లా విలువలు ఒకటే కాకపోతే పక్క స్విచ్‌తో నైబర్ సంబంధం కుదరదు. అలాంటప్పుడు లాగ్ చూడండి: తాను ఎంత ఆశించిందో, అవతలి నుంచి ఎంత వచ్చిందో అంకెలతో సహా రాస్తుంది. ఎఫ్‌ఆర్‌ఆర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

డెడ్‌ని మినిమల్ అని పెడితే అది 1 సెకనుకి దిగుతుంది, సెకనుకి 2 నుంచి 20 హలోలు పంపొచ్చు. నేను మాత్రం వద్దంటాను. ఈ హలోలన్నీ స్విచ్ సీపీయూ మోయాల్సిందే. అది కాస్త ఊపిరాడక ఆలస్యం చేస్తే బాగున్న లింకు కూడా తెగిందని తేల్చేస్తుంది. 10, 40 అలాగే ఉంచి రెండు చివర్లా బీఎఫ్‌డీ (లింకు బతికుందో లేదో వేగంగా కనిపెట్టే ప్రోటోకాల్) పెట్టండి. డిఫాల్టుగా 300 మిల్లీసెకన్లకొకసారి సందేశం, వరుసగా 3 సార్లు రాకపోతే తెగినట్టే. అంటే సెకనులోపే తెలుస్తుంది. ఓఎస్‌పీఎఫ్‌కీ, నెట్‌వర్క్‌ల మధ్య దారులు పంచుకునే బీజీపీకీ ఒకే బీఎఫ్‌డీ సరిపోతుంది. ఇది కూడా సీపీయూ మీదే నడుస్తుంది కాబట్టి 300 కన్నా కిందికి లాగకండి. ఏ ప్రోగ్రాములు నడవాలో చెప్పే డెమన్స్ ఫైల్‌లో బీఎఫ్‌డీడీకి (బీఎఫ్‌డీని నడిపే ప్రోగ్రామ్‌కి) ఎదురుగా నో అని ఉంటుంది. దాన్ని యెస్ చేశాక సర్వీసు మొత్తం రీస్టార్ట్ చేయాలి. నడుస్తున్న నెట్‌వర్క్‌లో ఇది ఇబ్బందే.

గట్టిగా చెప్పాల్సిన లోపం ఒకటుంది. డిఫాల్టు టైమర్లు రన్నింగ్ కాన్ఫిగ్‌లో (ప్రస్తుత సెట్టింగుల జాబితాలో) కనబడవు. పైగా ట్రెడిషనల్ ప్రొఫైల్‌లో (డిఫాల్టు విలువల కట్టలో) బీజీపీ కీప్‌అలైవ్ (నేనున్నానని పంపే సందేశం) 60 సెకన్లు, హోల్డ్ (అవి రాకపోతే సెషన్ తెంచే గడువు) 180 సెకన్లు అయితే డేటాసెంటర్ ప్రొఫైల్‌లో 3, 9. కొత్తగా చేరిన కుర్రాడికి ఇది ఎలా తెలుస్తుంది? షో బీజీపీ నైబర్ కొట్టి చూస్తేనే అసలు అంకెలు బయటపడతాయి. రెండు చివర్లా హోల్డ్ వేరుగా ఉంటే తక్కువదే అమలవుతుంది. ఆ బేరం సెషన్ లేచేటప్పుడే కుదురుతుంది. అందుకే బీజీపీ టైమర్ మార్చాక సెషన్ క్లియర్ చేస్తే తప్ప కొత్త విలువ రాదు. ఆ పని రాత్రి హాస్టల్ ట్రాఫిక్ తగ్గాక పెట్టుకోండి, రైట్ మెమరీ (సెట్టింగులు సేవ్ చేసే కమాండ్) మర్చిపోకండి.